మామను చంపిన పదో అధ్యాయం

నవల రాయడం నేర్పుతారంటే ఆత్మకూరుకు పోయినవాణ్ణి నేను. అక్కడ నాకు ముందుగా అంటుకున్నది నవల కాదు, సాంబారు వాసన.

తరగతి ఆదివారాల్లో, ఒక కల్యాణ మండపం భోజనాల హాల్లో జరిగేది. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ హాలు ఊరికే పడి ఉంటుంది కాబట్టి మా మాస్టారికి చవగ్గా ఇచ్చారు. ముహూర్తం ఉన్న ఆదివారం మమ్మల్ని వెనక వంటపాకలోకి తోలేవాళ్ళు. ఆ హాల్లో సాంబారు వాసన ఈనాటిది కాదు. ఉదయగిరి కొండ మీద కోట కట్టక ముందే ఎవరో అక్కడ గంగాళం ఒలకబోసి ఉంటారు. ఆ తర్వాత రాజ్యాలు మారాయి గానీ బల్లలు తుడిచే గుడ్డ మారలేదు. మోచెయ్యి ఆనిస్తే అతుక్కునేది. లాక్కుంటే చర్మం సగం బల్లకూ సగం నాకూ అని పంచుకోవలసి వచ్చేది. మొదటి నెలలో నేను రాసిన కాగితాలు పచ్చగా, జిడ్డుగా, ఒకదాన్నొకటి పట్టుకుని చల్లారిన దోసెల దొంతరలా ఉండేవి. వాటి మీద రాసింది చదివితే దోసెలే నయమనిపించేది.

నేను మాత్రం పన్నీటి బుడ్డిలోంచి వచ్చానా అంటే కాదు. ఉదయగిరిలో మా ఇంటి ముందు గదిలోనే నాది పురుగుమందుల కొట్టు. మా వీధిలో దోమలు నా కొట్టు ముందు నుంచి పోవు, పక్క సందులోంచి చుట్టు తిరిగి పోతాయి. గల్లా పెట్టె దగ్గర కూర్చుని చాలా ఏళ్ళపాటు వారపత్రికలకు నవ్వుల ముక్కలు రాసి పంపాను. నేను పంపిన పత్రికలన్నీ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. అది నా వల్లేనని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. పత్రికలు పోయాక, నడివయసు మీద పడ్డాక, ఇక మిగిలింది నవలేనని తేలింది.

మాస్టారు రిటైరైన లెక్చరరు. సొంత ఖర్చుతో ఒక నవల వేసుకున్నారు. దాని ప్రతులు కట్టలు కట్టలుగా ఆ హాల్లోనే ఉండేవి, కుంటి బల్లల కాళ్ళ కింద. పాఠం చెప్పేటప్పుడు ఆయన మోటారు సైకిలు తాళంతో చెవి గెలుక్కునేవారు. పాత్రల లోతు గురించి మాట్లాడే రోజున తాళం మరింత లోతుకు దిగేది. దాన్ని బయటికి తీసి, కొసన అంటుకున్న సరుకును కిటికీ వెలుగులో పరీక్షగా చూసి, ప్యాంటుకు రాసుకుని, అదే చేత్తో నా అధ్యాయం అందుకునేవారు. ఆ అధ్యాయాన్ని తిరిగి తీసుకునేటప్పుడు నేను రెండు వేళ్ళే వాడేవాణ్ణి.

ఆయన చెప్పిన సూత్రాలు వందలుంటాయి. నా కొంప ముంచినవి మూడే. మొదటిది, పదో అధ్యాయం లోపల ఒక పీనుగ లేవాలి. పీనుగ లేవని నవలను పాఠకుడు సత్రాన్ని వదిలినంత తేలిగ్గా వదిలేసి పోతాడట. రెండోది, వివరం. "పాఠకుడు అనుమానం మనిషి. చెట్టు అంటే నమ్మడు. చెట్టుకు కట్టిన తెగిన తాడు అంటే నమ్ముతాడు." మూడోది, ముందు మాటలు, పరిచయాలు ఏమీ లేకుండా నడి మధ్యలోంచి మొదలుపెట్టాలి, 'నేను' అని చెప్పాలి. ఈ మూడూ పాటించి రాసినదాన్ని గొంతుతో చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. చెవికి నచ్చనిది కంటికీ నచ్చదని ఆయన వాదం. ఆ చెవుల్లోకి నా అధ్యాయం దారి చేసుకుని పోవడం తలుచుకుంటే నాకు వాంతి వచ్చినంత పనయ్యేది. అయినా చంపడానికి మనిషిని వెతకడం మొదలుపెట్టాను.

దొరికినవాడు మా మామ.

మా మామ అంటే మా మేనత్త మొగుడు. దుత్తలూరు పక్క పల్లెలో గొర్రెల కాపు. ఎండలు ముదిరితే మా మెట్టలో గొర్రెకు నమలడానికి రాయి తప్ప మిగలదు. అప్పుడు మందను తోలుకుని తోటి కాపర్లతో కింద మాగాణి ఊళ్ళకు పోయేవాడు. అక్కడ కోసిన వరి పొలాల్లో రాత్రిళ్ళు మందను నిలిపితే ఎరువు పడుతుందని రైతులు తిండీ డబ్బూ ఇస్తారు. అట్లా పోయిన ఒక ఏడు, రోడ్డు మీదికి పోయి టీ తాగి వస్తానని చెప్పి పోయాడు. తోటి కాపర్లు వెతికారు, పోలీసులకు చెప్పారు, ఊళ్ళకు ఊళ్ళు అడిగారు. చివరికి మంద తిరిగొచ్చింది. మామ రాలేదు.

అత్త కొన్నాళ్ళు అత్తగారింట ఉండి, మా నాయన బతికి ఉండగానే పుట్టింటికి వచ్చేసింది. ఇప్పుడు నాయన లేడు. అత్త మా ఇంటి వెనక వసారాలో ఉంటుంది, తన మేకలతో సహా. ఆ మేకల కంపు గురించి వేరే ఒక సంపుటం రాయవచ్చు. నా పురుగుమందుల వాసనా వాటి వాసనా ఇంటి నడుమ ఎదురుపడి కొట్టుకునేవి. ప్రతిసారీ మేకలే గెలిచేవి. ఇన్నేళ్ళుగా అత్త నుదుట పాత రూపాయి బిళ్ళంత బొట్టు తగ్గలేదు. చేతులకు మోచేతి దాకా ఎర్ర గాజులు. ఒకటి చిట్లితే ఆ పూటే గాజుల వాడి కోసం కబురు పంపేది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మనిషి కనపడకుండా పోయి పన్నెండేళ్ళు దాటితే, దర్భలతో మనిషిని చేసి, దాన్ని కాల్చి, దినం చేసేస్తారు. ఆ దినం నాడే పెళ్ళానికి బొట్టూ గాజులూ తీసేస్తారు. గడువు ఎప్పుడో దాటిపోయింది. మామ అన్న, నేను పెద్ద మామ అని పిలిచే ఆయన, ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చి ఆ దినం చేద్దామని గొడవపడి పోయేవాడు. ఈ మధ్య ఆ గొడవ ముదిరింది. ఆయన మనవడికి పెండ్లి కుదిరింది. ఇంట్లో తీరని దినం ఒకటి ఉండగా ముహూర్తం పెట్టనని అయ్యవారు మొండికేశాడు. ఆయనకు కావలసింది తమ్ముడు పోయాడని అత్త ఒప్పుకోవడం. అత్తకు కావలసింది ఒప్పుకోకుండా ఉండడం. ఈ ఇద్దరి మధ్యలోకి నేను నా పదో అధ్యాయం పట్టుకుని దూరాను.

చూసి రాశానా అంటే ఏముంది చూడ్డానికి. వివరాలు గాలిలోంచి పీకాను. మామ ఎడమ కాలి బొటనవేలికి గోరు లేదు, అది మాత్రం నిజం. మిగతాదంతా నా సొంత తయారీ. కాలవ గట్టు మీద పడిపోయినట్టు రాశాను. చేతికి గడియారం పెట్టాను, అది ఆరుంబావు దగ్గర నిలిచిపోయిందన్నాను. పక్కన టీ గ్లాసు పెట్టాను, దానిలో చీమ పడి తేలుతోందన్నాను. ఆ సాయంత్రం కాలవలో నెత్తురు కక్కుకుంటోంది అని ఒక వాక్యం రాసి, దాన్ని నాలుగుసార్లు నాకు నేనే చదువుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఆ వాక్యం గుర్తొస్తే పళ్ళు తోముకోబుద్ధవుతుంది. సూత్రం ప్రకారం "మా మామ కాలవ గట్టు మీద పోయినాడు, నేను అప్పుడు అక్కడే ఉన్నాను" అని మొదలుపెట్టి, కొట్లో డబ్బాల మధ్య కూర్చుని రికార్డు చేసి, తరగతి గ్రూపులో పెట్టాను.

మాస్టారు మెచ్చుకున్నారు. మొదటిసారి. నేను ఆ మెప్పును మా ఆవిడకు చూపించాను. ఆమె మొగుడి ఘనత నలుగురికీ తెలియాలని, ఒక్క మాట కూడా కలపకుండా, ఆ ఆడియోను చుట్టాల గ్రూపులోకి పంపించింది.

మరునాడు పొద్దున నేను కొట్లో ఉండగా మా వీధి మొదట్లోనే శోకాలు వినపడ్డాయి. చావు ఎవరింట్లోనో అని తొంగి చూశాను. రెండు ఆటోలు వచ్చి మా ఇంటి ముందే ఆగాయి. ఆటోలు అనడం మర్యాద కోసం. ఆ రెంటిలోంచి దిగిన జనాన్ని చూస్తే దుత్తలూరు మండలం ఖాళీ అయి, వరికుంటపాడులో కొంత తీసుకుని, కలువాయిలో మిగిలింది కూడా ఊడ్చి తెచ్చినట్టుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ముక్కులు చీదుకుంటూ, చీదింది మా గోడకు రాసి, ఇంట్లోకి వచ్చారు. పెద్దత్త, అంటే పెద్ద మామ పెళ్ళాం, అందరికంటే ముందు గొంతెత్తింది.

"ఆరుంబావు కాడ నిలబడిపోయినావా నా నాయనా. గుక్కెడు టీ తాగకుండానే పోయినావా. చీమ తాగిన టీ అయిపాయె గదా నాయనా."

నేను గుమ్మం పట్టుకున్నాను. అవి నా వాక్యాలు. నా రచనను ఒకరు కంఠతా పట్టడం అదే మొదలు, రాగం కూడా కట్టారు. రచయితకు అంతకు మించిన సన్మానం ఉండదు.

పెద్ద మామ తలపాగా విప్పి భుజాన వేసుకుని నా ముందు కుర్చీ లాక్కున్నాడు.

"ఏందిరా అబ్బయా. ఇంత సంగతి తెలిసి మాకాడ దాచిపెట్టినావే."

"మామా, అది నవల. ఉత్తుత్తిది. నేను కల్పించినాను."

"ఏంది కల్పించింది? మనిషి పోయింది కల్పిస్తావా?"

"మన మామ గాదు మామా. ఎవరో ఒక మామ."

"ఎవరో ఒక మామకి ఎడం కాలి బొటనేలి గోరు ఉండదా? మా తమ్ముడికీ లేదే."

"అదొక్కటే నిజం. మిగతాది ఊహ."

"ఊహ అయితే గడియారం అంటావు. ఆరుంబావు ఎందుకంటావు?"

మాస్టారి రెండో సూత్రాన్ని అంత విడమరచి ఎవరూ చెప్పలేదు. వెనకనించి ఎవరో అందుకున్నారు. "టీ గ్లాసులో చీమను గూడా చూసినాడు మావా. చీమను చూసినోడు మనిషిని చూడలేదంటే ఎవురు నమ్తారు?"

"అక్కడే ఉన్నానని నోటితో చెప్పినాడు గదా," అంది పెద్దత్త, ఏడుపు ఆపి, మామూలు గొంతుతో. చెప్పి మళ్ళీ ఏడుపందుకుంది.

"పుట్టింటోడివి నువ్వు," అన్నాడు పెద్ద మామ. "దినం నాటికి మీ అత్తకు చీర నువ్వే తేవాల. తెల్లది. పోయినవారం చెప్పినా గూడా అది ఇనలా. ఇప్పుడింక ఏమంటాదో చూస్తా."

అప్పుడు అత్త వచ్చింది, మేకలకు కోసిన రొట్ట నెత్తిన పెట్టుకుని. మోపు దించేలోపలే పెద్దత్త ఆమె మెడ మీద పడింది. ఇంకొకామె అత్త చెయ్యి పట్టుకుని, గాజులు పైకి తోసి, "ఇంకెందుకమ్మే ఇవి నీకు" అని మొదలుపెట్టింది. అత్త ఆ చేతిని వెనక్కు లాక్కుంది. మోపును నెమ్మదిగా గోడకు ఆనించింది. ఆ నిమిషంలో ఆమె ముఖం చూశాను. నేను రాసిన ఏ మొహమూ అట్లా లేదు.

"ఎవురు చెప్పినారు?" అంది.

అందరూ నన్ను చూపించారు. అత్త నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు చూసినావా?"

"లేదత్తా. నేను రాసినాను, అంతే."

"వినిపించు."

ఫోన్ కుర్చీ మీద పెట్టి మోగించాను. నా గొంతు పడిశం పట్టిన దూడ అరిచినట్టు ఇల్లంతా నిండింది. ప్రతి మాటకూ నెయ్యి పూసి, పూసింది చాలక బెల్లం పాకంలో ముంచి, ఒక్కో వాక్యం చివర ఆగి, ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని చూస్తున్నట్టుగా. కాలవలో నెత్తురు కక్కుకునే చోటికి వచ్చేసరికి, ఎవడు రాశాడీ రోత అని వెతుక్కోబుద్ధయింది. అత్త కళ్ళు ఫోన్ మీద నుంచి తీయలేదు. చివరిదాకా విన్నది.

"ఇదంతా యాడ జరిగింది?" అంది.

"నా పుస్తకంలో."

"నేల మీద యాడా జరగలా?"

"జరగలా అత్తా."

"ఒట్టెయ్."

చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాను. అత్త జనం వైపు తిరిగింది.

"ఇన్నారు గదా. పుస్తకంలో చచ్చినాడంట. దినం గూడా ఆడనే చేస్తాడు. కూచోండి, కూడు తిని పోదురుగాని."

పెద్ద మామ లేచాడు. "పుస్తకంలో దినం చేస్తే చేరతాదా అమ్మే?"

"చావు మీకు చేరింది గదా బావా. దినం ఎందుకు చేరదు?"

పెద్ద మామ తలపాగా గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "అయ్యోరు ఒప్పుకోవద్దా?"

"అయ్యోరికీ ఫోనుండాది. ఆయనకీ వినిపించు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలో మనవడి పెండ్లి ఉంది, ఇన్నేళ్ళ గొడవ ఉంది, మా వంటింట్లోంచి వస్తున్న పోపు వాసన కూడా ఉంది. చివరకు నా వైపు వేలు చూపించాడు.

"సరే. వీడు రాయనీ. నేను ఇంటా. జరిగినట్టే ఉండాదని నాకనిపిస్తే, అయిపోయిందనుకుంటా, అయ్యోరికి నేనే చెప్తా. ఉత్తుత్తిగా రాసినాడా, దర్భల మనిషిని చేసేది చేసేదే. నీ గాజులు తీసేది తీసేదే. అప్పుడింక అడ్డం చెప్పకూడదు."

"చెప్పను," అంది అత్త.

అట్లా నా నవల మీద ఒక మనిషి చేతి గాజులు వచ్చి కూర్చున్నాయి. 

జనం తిన్నారు. చావు లేదని తేలాక ఆకలి రెట్టింపవుతుందని ఆ పూట తెలిసింది. మా ఆవిడ వండిన అన్నం గిన్నెలోంచి విస్తట్లోకి పోయే లోపలే మాయమైపోయింది. పెద్ద మామ తిన్న తర్వాత మా కేలండరుకు గుచ్చిన గుండుసూది పీకి, పళ్ళ సందుల్లోంచి ఒక్కో ముక్కా తవ్వి తీసి, మళ్ళీ నమిలి, సూదిని మళ్ళీ కేలండరుకే గుచ్చాడు. ఆ కేలండరును ఆ సాయంత్రమే తీసి పారేశాను. సంవత్సరం ఇంకా సగం కూడా కాలేదు.

ఆ వారం దినం అధ్యాయం రాశాను. రాసి చదివితే అందులో వియోగం ఉంది, శూన్యం ఉంది, ఆకాశం ఒకటికి రెండుసార్లు ఉంది. మా ఆవిడకు వినిపించాను. "వంట ఎవరు చేసినట్టు?" అంది. వంట లేదు. "మరి ఏం తిని పోయినారు, శూన్యమా?" అంది. దీన్ని పెద్ద మామకు పంపిస్తే దర్భలు కోయడానికి ఆ సాయంత్రమే మనిషిని పంపేవాడు.

ఆదివారం ఆత్మకూరు పోయి మాస్టారికి ఇచ్చాను. ఆయన చదివి, తాళం చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"దినం తీసేయండి," అన్నారు. "చావుతో ఆ కథ అయిపోయింది. దినంలో సంఘర్షణ ఏముంటుంది? తింటారు, పోతారు."

"తీసేయడానికి లేదు మాస్టారూ. ఇంట్లో అవసరం."

"అయితే గొడవ పెట్టండి. భోజనాల్లో ఎవరో విషం కలిపినట్టు రాయండి. మీది మందుల కొట్టే కదా, వివరాలకు కొదవుండదు."

మా అత్త చేతి గాజుల కోసం రాసే దినంలో, మా చుట్టాలందరికీ నా కొట్టు సరుకుతో వడ్డించమంటాడు ఈయన. తాళం బయటికి వచ్చింది. ఆయన దాన్ని వెలుగులో చూశారు. ఈసారి నేనూ చూశాను, తప్పించుకోలేక. లోకంలో ఉన్న సాహిత్య సూత్రాలన్నీ ఆ కొసన పసుప్పచ్చగా మెరుస్తున్నట్టనిపించింది. కాగితాలు లాక్కుని బయటికి వచ్చి, పాఠం సగంలో ఉండగానే బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను తిన్న దినాలన్నీ తలుచుకున్నాను. తలుచుకుంటే నాకు బాధ ఏదీ గుర్తు రాలేదు. అసహ్యమే గుర్తొచ్చింది. అసహ్యం మాత్రం అంగుళం అంగుళం గుర్తుంది. షామియానాకు పడిన చిరుగులోంచి ఎండ ఒకాయన బట్టతల మీద పడి, ఆయన ఎటు జరిగితే అటు వెంటపడడం. అద్దెకు తెచ్చిన బకెట్ల అడుగున వెనకటి పెండ్లి తాలూకు పాయసం ఎండి ఉండడం. పిండం పెట్టి కాకి కోసం అందరూ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడితే కాకి రాకుండా, పక్క మిద్దె మీద కూర్చుని వంటపాక వైపే చూడడం. పోయినాయనకు ఏమిష్టమని ఒకరు, కాదు ఇంకోటి ఇష్టమని ఒకరు, కాకి ముందు తగాదా పడడం. కూరలో ఉప్పు తక్కువ కావడం. నేను తిన్న ఏ దినంలోనూ ఉప్పు సరిపోలేదు. అడగడానికి అందరికీ మొహమాటం, లోపల్లోపల తిట్టుకుంటూ తినడం. తిన్నాక చేతులు కడిగే చోట బురదలో ఒకరి చెప్పు ఒకరు వేసుకుని పోవడం.

రాశాను. నాకు రోత పుట్టించిన ప్రతిదీ రాశాను. ఏదీ గాలిలోంచి పీకలేదు. రాస్తుంటే అన్నం సయించలేదు, అదే మంచి గుర్తు అనుకున్నాను. వంట ఎవరు చేశారో ముందు వాక్యంలోనే పెట్టాను. ఒక్కటి మాత్రం రాయలేదు. గాజులు తీసే చోట కాగితం వదిలేశాను.

అది లేకపోతే పెద్ద మామ ఒప్పుకోడు. అది లేని దినం ఆయన దృష్టిలో దినం కాదు. రాద్దామంటే, రాసి రికార్డు చేసేటప్పుడు అత్త పక్కన ఉంటానంది. తన మొగుడి దినం తను వినకుండా ఎట్లా అని అడిగింది.

మధ్యాహ్నం కొట్టు మూసి, లోపల కూర్చున్నాం. అత్త ఎరువు బస్తా మీద కూర్చుంది, నేను గల్లా దగ్గర. ముందే ఆమెను అడిగాను.

"అత్తా, గాజుల కాడ ఏం రాయమంటావు? రాయకపోతే పెద్ద మామ ఊరుకోడు."

"రాయి. పుస్తకంలో ఆమె గాజులు గదా తీసేది. నావి గాదు గదా."

సరేనని అక్కడికక్కడే కాగితం మీద రాశాను, మా వైపు ఎట్లా జరుగుతుందో అట్లా. చదవడం మొదలుపెట్టాను. కాకి తగాదా దగ్గర అత్త నవ్వింది. "మీ పెద్ద మామే అది," అంది. ఉప్పు దగ్గర మళ్ళీ నవ్వింది. తర్వాత ఆడవాళ్ళు నవలలో ఉన్న ఆ పెళ్ళాన్ని బావి దగ్గరికి తీసుకుపోయి, నలుగురూ చుట్టూ చీర అడ్డం పట్టి, ఒకామె చేతులు దగ్గరకు చేర్చి, రెండు చేతుల గాజులూ ఒకదానికొకటి కొట్టి పగలగొట్టే చోటికి వచ్చాను. అక్కడ నేను నెయ్యి పూయలేదు. పూయడానికి చేతకాలేదు.

అత్త నవ్వు ఆగింది. ఒక చేత్తో రెండో చేతి గాజులను పైకి, మోచేతి దాకా తోసి పట్టుకుంది. చప్పుడు కాకుండా పట్టుకుంది. నేను చదవడం ఆపాను.

"ఆపబాక," అంది. ఇంతలో తనే నన్ను ఆపింది. "అబ్బయా, పగలగొట్టినట్టు రాయబాక. తీసినట్టు రాయి. ఒక్కొక్కటే, చిట్లకుండా. తీసి గుడ్డలో చుట్టి పెట్టుకున్నట్టు రాయి."

"ఎందుకత్తా?"

"ఎందుకేంది? ఆయన వస్తే మళ్ళా ఏసుకోవద్దా ఆమె?"

చచ్చినవాడు ఎట్లా వస్తాడని నేను అడగలేదు. నా నవలలో తార్కికత మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఎవరూ లేరు. కొట్టేసి మార్చాను. చీర అడ్డం అట్లాగే ఉంచి, లోపల ఆ ఆడమనిషి తనే ఒక్కో గాజూ తీసి, సబ్బు నీళ్ళతో చేతులు జారుడు చేసుకుని తీసి, లెక్క చూసుకుని, పాత రవికె గుడ్డలో చుట్టి రొండిన పెట్టుకున్నట్టు రాశాను. మొదటినుంచి రికార్డు చేశాను. ఈసారి అత్త గాజులు వదిలేసింది, అవి ఒక్కసారి గలగలమన్నాయి. ఆ చప్పుడు రికార్డులో పడింది. మళ్ళీ చెయ్యడానికి ఓపిక లేక అట్లాగే చుట్టాల గ్రూపులోకి పంపించాను.

రెండు రోజులు గిరాకీ వదిలేసి ఫోనే చూస్తూ కూర్చున్నాను. పెద్దత్త నుంచి మొదట ఒక ఆడియో వచ్చింది. అందులో ఏడుపు, మధ్యలో వాళ్ళ ఇంటి కుక్కను అదిలించడం, మళ్ళీ ఏడుపు. ఏడుపంతా మామ కోసమే. నా వాక్యాలు ఒక్కటీ లేవు అందులో, ఆమె సొంత మాటలే ఉన్నాయి. ఆ తర్వాత పెద్ద మామ ఆడియో వచ్చింది. అత్తను పిలిచి ఆమె ముందే మోగించాను.

"అబ్బయా, ఇన్నాను. అయ్యోరు గూడా ఇన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నావే, అది నిజం, మన వాళ్ళకు ఎప్పుడూ చెయ్యి తిరగదు. కాకి సంగతిలో నేను అట్టా అరవలా, అది నీ ఎకసెక్కం. గాజులు దాచిపెట్టుకున్నట్టు ఉండాది, అది పద్ధతి గాదు. పగలగొట్టాల. కానీలే. దినం జరిగినట్టే ఉండాది. మీ అత్తకు చెప్పు, ముహూర్తం పెట్టినాం, పెండ్లికి రమ్మని. వస్తే వెనక కూచోమను. ముందు వరసలో కూచోబాకమను, చూసేవాళ్ళు ఏమన్నా అనుకుంటారు."

అత్త రొట్ట ముక్క ఒకటి తుంచి మేక నోటికి అందిస్తూ విన్నది.

"ముందు వరసలోనే కూచుంటానని చెప్పు," అంది. "మళ్ళా దాన్ని తీసకపోయి పుస్తకంలో పెట్టబాక. ఇది నిజం మాట. ఫోన్‌లోనే చెప్పు."

చెప్పాను. విన్నట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. అత్త జవాబు కోసం ఆగలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని, పెండ్లికి ఏ చీర కట్టుకుంటే బాగుంటుందో మా ఆవిడను అడగడానికి లోపలికి పోయింది.